అడగని ప్రశ్న, రాయని మందు

పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో ఒకసారి నెలసరి ఇబ్బందితో ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న మనందరికీ తెలిసిందే: ‘పెళ్ళయిందా?’ కాలేదన్నాను. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆ ఒక్క జవాబుతో ఆగిపోయాయి. అడగనిదానికి జవాబు చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది. అమెరికా సైన్యంలోని స్వలింగ సంపర్కుల చరిత్ర చదువుతుంటే ఆ గది మళ్ళీ గుర్తొచ్చింది.

ఆ సైన్యం 1985 అక్టోబర్‌లో కొత్తగా చేరేవాళ్ళకి హెచ్‌ఐవి పరీక్ష మొదలుపెట్టింది. పాజిటివ్ వస్తే చేర్చుకోలేదు. తర్వాత ఉద్యోగంలో ఉన్నవాళ్ళకీ పరీక్ష తప్పనిసరైంది. సూది గుచ్చి రక్తం తీసుకోవడానికి ఎవరూ నోరు తెరవనక్కర్లేదు.

నోరు తెరిస్తే ఏమవుతుందో 1993 నాటి చట్టం చెప్పింది. దాన్ని ‘అడగొద్దు, చెప్పొద్దు’ అని పిలిచేవారు. చూడ్డానికి ఉదారంగా కనిపించే ఈ చట్టం కింద 13,000 మందికి పైగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. డాక్టరుకి చెప్పుకున్న మాట కూడా సాక్ష్యంగా మారే వీలుండేది. వైద్యుడికో లాయరుకో మతగురువుకో నమ్మి చెప్పిన మాటని వాడకూడదని రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ నిబంధనలు సడలించింది 2010 మార్చిలో మాత్రమే.

ఇది మగవాళ్ళ కథే కదా అనుకోనక్కర్లేదు. ఆ చట్టం చివరి ఏళ్ళలో సైన్యంలో సుమారు ఏడో వంతు ఉన్న స్త్రీలు, దాని కింద తొలగింపుకి గురైనవాళ్ళలో మూడో వంతు దాకా ఉన్నారు. వేధించిన మగవాడికి లొంగని స్త్రీని ‘లెస్బియన్’ అని ముద్ర వేసి బెదిరించడానికి అది చక్కగా పనికొచ్చింది.

2011 సెప్టెంబర్ 20న చట్టం రద్దయింది. ఏడాది తిరక్కుండానే, 2012 జూలై 16న, హెచ్‌ఐవి సోకకుండా ముందుగానే వేసుకునే మాత్రగా ట్రువాడాకి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం ఇచ్చింది. రోజుకొకటి క్రమం తప్పకుండా వేసుకుంటే లైంగిక సంబంధాల ద్వారా వైరస్ సోకే ప్రమాదం దాదాపు 99 శాతం తగ్గుతుంది. ముందు హెచ్‌ఐవి, కిడ్నీ పరీక్షలు చేయాలి. ఆ తర్వాత మూణ్ణెల్లకోసారి మళ్ళీ చూడాలి. ఇవేవీ సైనిక ఆసుపత్రికి కొత్త పనులు కావు. కొత్తది ఒక్కటే. సైనికుడు తనంతట తాను ‘నేను మగవాళ్ళతో సంబంధం పెట్టుకుంటాను’ అని చెప్పాలి. పరస్పర అంగీకారంతో జరిగినా దాన్ని నేరమనే 125వ అధికరణం సైనిక న్యాయస్మృతిలో 2013 డిసెంబర్ దాకా ఉండనే ఉంది. అంటే మందు వచ్చిన మొదటి ఏడాదిన్నరా, డాక్టరు ముందు చెప్పే ఆ మాట కాగితం మీద నేరాంగీకారమే!

ఫలితం 2018లో వెలువడిన ప్రభుత్వ నివేదికలో కనిపిస్తుంది. 2014 ఫిబ్రవరి నుంచి 2016 జూన్ దాకా ఈ మందు రాయించుకున్న సైనికులు 769 మంది. అవసరమైనవాళ్ళు సుమారు 12,000 మంది ఉంటారని అదే నివేదిక అంచనా. ఏటా సుమారు 350 మంది సైనికులకి హెచ్‌ఐవి బయటపడుతోందనీ అందులో ఉంది. సర్వేలో పాల్గొన్న వైద్యుల్లో దాదాపు సగం మంది ఈ మందు గురించి తమకి తెలిసింది తక్కువేనన్నారు.

రోగి చెప్పడానికి భయపడ్డాడు, డాక్టరు అడగడం నేర్చుకోలేదు. భార్య ఉన్న ద్విలైంగిక సైనికుడి సంగతి ఇంకా కష్టం. అతని కాగితాల్లో ‘వివాహితుడు’ అని చూశాక డాక్టరుకి ఇంకో ప్రశ్న వేయాలని తోచకపోవచ్చు. నా విషయంలో ‘కాలేదు’ చేసిన పనే అతని విషయంలో ‘అయింది’ చేస్తుంది. పెళ్ళినిబట్టి శరీరాన్ని చదివే అలవాటు ఇద్దరినీ వైద్యానికి దూరం చేసింది. నాకు పోయేది ఉద్యోగం కాదు, పరువు. తేడా అంతే.

రక్తాన్ని అడిగే అధికారం రాజ్యానికి ఎప్పుడూ ఉంది. శిక్ష పడదన్న హామీతో మాటని అడగడం మాత్రం చట్టం రద్దయినంత తేలిగ్గా రాలేదు.

మొన్న వేరే డాక్టరు మళ్ళీ అదే ప్రశ్న వేసింది. ‘పెళ్ళి సంగతి వదిలేయండి మేడమ్, మీకు నిజంగా కావలసింది అడగండి, చెబుతాను’ అన్నాను. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి, రాస్తున్న పెన్ను పక్కన పెట్టి, అడిగింది.