కొమూనా 13

కొమూనా 13 దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశములో మెడెయిన్ నగరానికి పశ్చిమాన కొండవాలుపై ఉన్న ఒక నగర విభాగము. దీనికి సాన్ హావియెర్ అని మరొక పేరు ఉన్నది. నగరములోని 16 కొమూనాలలో ఇది ఒకటి. ఒకప్పుడు హింసకు పేరుపడిన ఈ ప్రాంతము ఇప్పుడు పర్యాటక కేంద్రముగా ప్రసిద్ధి చెందినది.

నేరాలు, సైనిక చర్య

1991లో మెడెయిన్‌లో ప్రతి లక్ష జనాభాకు సుమారు 380 హత్యలు జరిగినవి. తరువాతి కాలములో కొమూనా 13పై గెరిల్లా దళాలు పట్టు సాధించాయి. వీటిని తొలగించుటకు ప్రభుత్వము 2002 అక్టోబరు 16న "ఓరియన్" అనే సైనిక చర్య చేపట్టినది. ఇరుకు సందుల మీద హెలికాప్టర్ల నుండి కూడా కాల్పులు జరిగినవి. గెరిల్లాలు వెళ్ళిపోగా, వారి స్థానములో పారామిలిటరీ దళాలు పాతుకొన్నాయి. అనేకమంది స్థానికులు అదృశ్యమయ్యారు.

మార్పులు

2008లో కేబుల్ కారు మార్గము, 2011 డిసెంబరులో 384 మీటర్ల పొడవైన ఎస్కలేటర్లు ప్రారంభమైనవి. గోడచిత్రాలు, హిప్-హాప్ సంగీతము ఈ పేటకు కొత్త గుర్తింపు తెచ్చాయి. 2020 తరువాత నగరములో హత్యల రేటు లక్షకు 20 కంటే తక్కువగా ఉన్నది. అయితే హత్యల రేటు ఒక్కటే భద్రతకు కొలమానము కాదు. ముఠాలు దుకాణదారుల నుండి చేసే బలవంతపు వసూళ్ళపై భయము వలన ఫిర్యాదులు తక్కువ. అందువలన అవి గణాంకాలకు పూర్తిగా ఎక్కవు.

అదృశ్యమైనవారు

తమ బిడ్డలను "ఎస్కోంబ్రేరా" అనే శిథిలాల దిబ్బలో పూడ్చిపెట్టారని తల్లులు రెండు దశాబ్దాలుగా చెబుతూ వచ్చారు. 2024 డిసెంబరులో అక్కడ మానవ అవశేషాలు బయటపడినవి. 2025 జనవరిలో "తల్లులు చెప్పినది నిజమే" అను అర్థము వచ్చే గోడచిత్రాన్ని నగర పాలకులు చెరిపివేయగా, కళాకారులు, ప్రజలు కలిసి దానిని తిరిగి చిత్రించారు.