ఆరిన పనసే పలుకుతుంది

వీణ చరిత్రను తంజావూరు నుంచి మొదలుపెట్టడం ఆనవాయితీ. 17వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆ సీమను ఏలిన తెలుగు ప్రభువు రఘునాథ నాయకుడి కొలువులో, మంత్రి గోవింద దీక్షితుల సాయంతో వీణకు 24 మెట్లు స్థిరపడ్డాయని సంగీత చరిత్రకారులు రాశారు. ఇవాళ మనం సరస్వతీ వీణ అని పిలుచుకునే వాద్యానికి ఆ ఏర్పాటే పునాది.

మెట్లు స్థిరపడటంతో కర్ర మీద పడిన భారాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జరుపుకునే మెట్లయితే శ్రుతి తేడా వచ్చినప్పుడు వాటిని కాస్త అటూ ఇటూ కదిపి సర్దుకోవచ్చు. మైనం, బొగ్గుపొడి కలిపిన ముద్దలో నిలిపిన ఇత్తడి మెట్లకు ఆ వీలు లేదు. కింద మెట్లను మోసే పొడవాటి దండి వెంట్రుకవాసి వంగినా స్వరం తప్పుతుంది. అప్పటి నుంచి వీణ నాణ్యత కర్ర నిలకడను బట్టి ఉంది. కర్ర నిలకడ అది ఎలా ఆరిందన్న దాన్ని బట్టి ఉంది. వీణ తయారీలో సగం విద్య ఉలి పట్టకముందే పూర్తవుతుందని నేను నమ్మేది అందుకే.

గొల్లపల్లి వాకిట

ఈ విద్యకు తెలుగునాట పేరెన్నికగన్న చోటు బొబ్బిలి. 1757 జనవరి 24న జరిగిన యుద్ధం, తాండ్ర పాపారాయుడి పౌరుషం ఆ ఊరికి తెచ్చిన పేరు ఒకటైతే, వీణ తెచ్చిన పేరు మరొకటి. బొబ్బిలి రాజుల ఆదరణలో పెరిగిన ఈ పని, పక్కనే ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకుల చేతుల్లో తరతరాలుగా నిలిచింది. నాదం పలికే గుండ్రటి కుండ, దండి, దాని కొసన ఉండే యాళి ముఖం మూడూ ఒకే దుంగ నుంచి తొలిస్తే అది ఏకాండి వీణ. విడివిడిగా చెక్కి అతికించే వీణలూ ఉన్నాయి. బొబ్బిలి వీణకు 2011లో, తంజావూరు వీణకు 2013లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రెండు చోట్లా కర్ర ఒకటే, పనస.

పనసను ఎంచుకోవడంలో పెద్దల అనుభవం కనిపిస్తుంది. ఉలికి సులువుగా లొంగుతుంది, బరువు మధ్యరకం, చేవకు చెద అంత తేలిగ్గా పట్టదు. కోసినప్పుడు పచ్చని పసుపు రంగులో ఉండే చేవ, గాలీ వెలుతురూ తగిలేకొద్దీ తేనెరంగుకు, తర్వాత ముదురు గోధుమకు తిరుగుతుంది. ఆ పసుపుకు కారణమైన మోరిన్ అనే పదార్థం మంచి అద్దకపు రంగు కూడా. శ్రీలంకలో, ఆగ్నేయాసియా దేశాల్లో బౌద్ధ భిక్షువుల కాషాయాలకు పనస చేవను ఉడికించి రంగు తీసేవారు.

ఏ చెట్టు పనికొస్తుంది

6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో, విగ్రహాల కోసం చెట్టు నరకడానికి అడవికి వెళ్లేవారికి ఒక అధ్యాయమే కేటాయించాడు. పిడుగు పడిన చెట్టు, గాలికి కూలిన చెట్టు, వంకర తిరిగిన చెట్టు, తీగలు పెనవేసుకున్న చెట్టు వద్దన్నాడు. ఇదంతా శకునాల కింద కొట్టిపారేయక్కర్లేదు. ఒరిగి పెరిగిన మాను తన బరువు మోసుకోవడానికి ఒకవైపు వేరే రకం కర్రను పెంచుకుంటుంది. ఆరేటప్పుడు ఆ వైపు ఒక తీరుగా, మిగతాది మరో తీరుగా కుంచించుకుని దుంగ మెలి తిరుగుతుంది. పెనుగాలికి వంగి విరిగిన మానులో పైకి కనిపించని నలుగుళ్లు ఉంటాయి. పాతవాళ్ల నిషేధాల్లో కలప శాస్త్రం చాలానే ఉంది.

కోత

చెట్టు నేలకూలిన గంట నుంచే ఆరడం మొదలవుతుంది. కర్రలో నీరు నిలువునా నడిచే దారులు ఎక్కువ కాబట్టి దుంగ కొసలు పక్కలకన్నా ఎన్నో రెట్లు వేగంగా ఆరతాయి. కొసలు ముందే కుంచించుకుంటే, లోపల పచ్చిగా ఉన్న భాగం వాటితో పాటు కదలదు. ఫలితం నెర్రెలు. అందుకే కొట్టిన రోజే కొసలకు మైనమో చిక్కటి రంగో పూయాలి.

గుండ్రటి దుంగను అలాగే వదిలేస్తే పగలకుండా ఉండదు. కలప నిలువునా దాదాపు కుంచించుకోదు. నడిమి నుంచి బయటికి కొంత కుంచించుకుంటుంది. వలయాల వెంట దానికి సుమారు రెట్టింపు. ఈ తేడా వల్ల దుంగ బెరడు నుంచి నట్టనడిమి దవ్వ దాకా చీలుతుంది. దవ్వ మీదుగా నిలువునా రెండుగా కోస్తే ఆ బిగువు సడలుతుంది. కోత మిల్లులు రాకముందు ఈ పని రంపపు గుంటల్లో జరిగేది. గుంటపైన దుంగ మీద ఒకరు, గుంటలో ఒకరు నిలబడి పొడవాటి రంపాన్ని లాగేవారు. ఇప్పుడు బ్యాండు రంపం నిమిషాల్లో కోసేస్తుంది. ఎక్కడ కోయాలో చూసే కన్ను మాత్రం అప్పుడూ ఇప్పుడూ మనిషిదే.

ఆరబోత

పచ్చి కలపలో నీరు రెండు చోట్ల ఉంటుంది. కణాల ఖాళీల్లో ఉన్నది ముందు పోతుంది. అది పోయినా కర్ర కొలత మారదు. నీటి వంతు పొడి కర్ర బరువులో సుమారు 30 శాతానికి దిగాక కణాల గోడల్లోని నీరు బయలుదేరుతుంది. కుంచింపు, వంపు, పగుళ్లు అన్నీ ఆ దశలోనివే. అంగుళం మందానికి ఏడాది అనేది వడ్రంగుల పాత లెక్క. మన ఎండలకు పలుచని పలకలు అంతకన్నా ముందే ఆరవచ్చు. కుండ తొలచాల్సిన మందపు దుంగకు ఏళ్లు పట్టక తప్పదు.

పలకలను నేలకు ఎత్తుగా, నీడలో, గాలి ఆడేచోట పేర్చాలి. వరసకూ వరసకూ మధ్య ఒకే మందం ఉన్న బద్దలను, పైబద్ద కిందిబద్ద ఒకే నిలువు గీతలో ఉండేలా పెట్టాలి. బద్ద జరిగిన చోట పలక వంగుతుంది. పైన బరువు వేయాలి. ఎండలో పడేస్తే పైపొర బిగుసుకుపోయి లోపలి తడి చిక్కుకుంటుంది. వానాకాలంలో గాలి ఆడకపోతే బూజు పట్టి మచ్చలు పడతాయి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి చిన్న ముక్కను తూచి, 103 డిగ్రీల వేడిలో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి, మళ్లీ తూస్తారు. 120 గ్రాముల ముక్క 100 గ్రాములకు దిగితే తేమ 20 శాతం. వీణకు అది ఇంకా పచ్చి కర్రే.

ఆరిన కర్ర కూడా గాలిలోని తేమతో ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. కోస్తా గాలిలో 13 శాతం దగ్గర కుదురుకున్న వీణ, అమెరికాలో చలికాలపు హీటర్ గదికి చేరితే 6 శాతం దాకా దిగవచ్చు. అక్కడి తెలుగు ఇళ్లలో వీణ చీలిందంటే చేసినవాళ్లను తప్పుబట్టే ముందు గది తేమను చూడాలి. అయితే, సరిగా ఆరకుండా చేతికొచ్చిన కర్రకు ఆ ప్రయాణం మరీ ప్రమాదం.

గుర్తింపుతో పాటు కర్ర కావాలి

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తోటలను నేలమట్టం చేసింది. కొబ్బరి, జీడిమామిడితో పాటు పనసలూ కూలాయి. అంతకుముందు 2011 డిసెంబరు 30న థానే తుపాను, తంజావూరు వీణలకు కర్ర పంపే పన్రుట్టి పనస తోటలను అలాగే ఊడ్చింది. గాలికి కూలిన మానును వీణకు వాడొచ్చా అంటే వరాహమిహిరుడి హెచ్చరిక గుర్తుంచుకోవాలి. వేళ్లతో సహా ఒరిగిన మానుకూ, నడిమికి విరిగిన మానుకూ తేడా ఉంది. మొదటి రకంలో మంచి కర్ర మిగిలి ఉండవచ్చు. దాన్ని చూసి ఏరి, కోసి, కొసలు మూసి, నీడకు చేర్చేవారు లేకపోతే అదంతా వంటచెరకే అవుతుంది.

భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది. కర్రను సమకూర్చదు. ఏ నెల సంపాదన ఆ నెల ఖర్చయ్యే కళాకారుడు ఏళ్లపాటు డబ్బును దుంగల్లో మదుపు చేసి కూర్చోలేడు. ఆ మదుపు ప్రభుత్వమో, సంగీత సంస్థలో, వీణ అభిమానులో పెట్టాలి. గొల్లపల్లిలో ఉమ్మడి కలప నిల్వ ఒకటి ఉండాలి. 1906లో మొదలైన డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ సౌరశక్తితో కలప ఆరబెట్టే గదులను ఎప్పుడో రూపొందించింది. అలాంటిది ఒకటి బొబ్బిలికి తేవడం భారీ ఖర్చు కాదు. ప్రతి దుంగ మీదా కొట్టిన తేదీ, కోసిన తేదీ, తేమ శాతం రాసి ఉంచితే కొనేవారికీ నమ్మకం కుదురుతుంది. కొట్టిన ప్రతి పనసకూ రెండు మొక్కలు నాటే బాధ్యత కూడా ఆ నిల్వ కేంద్రానిదే కావాలి. ఈ ఏడాది నాటిన మొక్క కుండకు సరిపడా లావెక్కేసరికి ఒక తరం గడుస్తుంది కాబట్టి, మనవలు వాయించే వీణకు కర్ర చూడాల్సింది మనమే.