సాలూరు బావ లారీ

ఆ దుంగ కాస్త ముందుకి తొయ్యండర్రా, చలి ఎక్కువైంది. లారీల రోజులు చెప్పమన్నారు కదా, ఇయ్యాల సాలూరు బావ సంగతి చెప్తాను.

అప్పట్లో ఈ పక్కంతా లారీ అంటే సాలూరే. విజయవాడ తర్వాత అన్ని లారీలున్న ఊరు అదేనని గొప్పగా చెప్పుకునేవోరు. వీధికో మెకానిక్కు షెడ్డు, బాడీలు కట్టే వడ్రంగులు, కమాను కట్టలు సరిచేసే కొలుములు. దానికి కారణం ఆ దారే. విజయనగరం నుంచి రాయపూరెళ్లే పెద్ద రోడ్డు సాలూరు మీంచే పోతాది. ఇప్పుడు సాలూరు దగ్గర 26వ నంబరంటున్నారు గాని మాకది నలభైమూడే. సాలూరు దాటి పి.కోనవలస దగ్గర ఘాటు ఎక్కితే సుంకి, పొట్టంగి, సిమిలిగుడ, కోరాపుట్టు. కింద నుంచి ఉప్పు, సిమెంటు, బియ్యం ఎక్కేవి. పైనుంచి చింతపండు, కలప దిగేవి. మన రాజాం నుంచైతే గోగునార, గోనెసంచులు. 1981లో నాల్కో పెట్టేరు. దామంజోడిలో పనులు మొదలయ్యేక లారీ ఉన్నోడికి తీరికే లేదు.

బావంటే నా పెళ్లాం తరపు బావ కాదు. రోడ్డు మీద కలిసిన బావ. పదేళ్లు క్లీనరుగా, డ్రైవరుగా చేసి, అతని పెళ్లాం, మా అప్ప, మెళ్లో పుస్తెలు తప్ప అన్నీ అమ్మి, మిగతాది ఫైనాన్సులో తెచ్చి ఓ పాత టాటా కొన్నాడు. ఓనరూ తనే, డ్రైవరూ తనే. ముందు అద్దం మీద పోలిపల్లి పైడితల్లి పేరు రాయించేడు.

ఇన్సూరెన్సు సంగతి ఇక్కడ చెప్పాలి. చట్టం అడిగేది థర్డ్ పార్టీ ఒక్కటే. 1939 నాటి మోటారు చట్టంలో ఉన్నదీ అదే, తర్వాత 1988లో వచ్చిన కొత్త చట్టంలో ఉన్నదీ అదే. మన లారీ కింద ఎవరైనా పడితే ఆళ్లకి డబ్బొస్తాది. మన లారీ లోయలో పడితే మనకి పైసా రాదు. దానికి ఫుల్ ఇన్సూరెన్సు వేరే కట్టుకోవాలి, అది బోలెడంత. ఆ ఏడు బావ టైర్లు మార్చేడు, ఇంజను బోరు చేయించేడు. ఫైనాన్సు వాయిదా మీద పడింది. థర్డ్ పార్టీ కట్టి, పై ఏడు ఫుల్లు కడదాంలే అనుకున్నాడు. కట్టలేక ఊరుకున్నాడు గాని తెలీక కాదు.

వైశాఖంలో చింతపండు లోడుతో దిగుతున్నాడు. వేళ కాని వేళ వాన కొట్టింది. ఓ మలుపులో ఎదురొచ్చిన బండికి దారిచ్చి అంచుకి తీసేసరికి మట్టి జారిపోయింది. క్లీనరు గుంటడు అటు దూకేడు, బావ ఇటు దూకేడు. లారీ కిందకెళ్లిపోయింది. ప్రాణాలు దక్కేయి.

కబురు తెలిసి మేం ఎళ్లేసరికి కొండమీద ఊళ్ల గిరిజనులు అప్పటికే తాళ్లు పట్టుకుని దిగి, తడవని బస్తాలు భుజాల మీద రోడ్డుకి చేరుస్తున్నారు. ఆళ్లకి ఆ లారీ ఎవరిదో తెలీదు, ఆ చింతపండు ఎవరిదో తెలీదు. సరుకు సగానికి పైగా దక్కిందంటే ఆళ్ల చలవే. లేకపోతే సావుకారు నష్టం కూడా బావ నెత్తినే పడును.

చుట్టం పక్కం అంతా వచ్చి ఒకటే మాట. ఇన్సూరెన్సు ఎందుకు కట్టలేదు? అడిగినోళ్లు మంచోళ్లే. కాని ఆ ప్రశ్న అతను పడుకున్నా లేచినా తనని తనే అడుక్కుంటున్నాడు, మళ్లీ మనమెందుకు అడగాలి? మా మేస్త్రీ, షెడ్డు ఆయన, పెద్ద మనిషి. ఆయన ఒక్కడే ఆ మాట ఎత్తలేదు. చైను పుల్లీ, రెండు లారీలు తీసుకెళ్లి, మూడు రోజులు తంటాలు పడి ఇంజనూ, గేరుబాక్సూ, హౌసింగూ, పగలని టైర్లూ పైకి లాగేడు. చాసిస్ వంగిపోయింది, అది తుక్కుకే. మిగతావి ముక్కముక్కగా మంచి ధరకి అమ్మిపెట్టేడు. కూలి అడగలేదు. ఫైనాన్సు బాకీలో పెద్ద ముక్క దాంతో తీరింది.

తర్వాత సంగతి డబ్బు. చందాలు పోగేసి ఇద్దామన్నారు కొందరు. మేస్త్రీ ఒప్పుకోలేదు. చెయ్యి చాపించి ఇస్తే రేపు మన మధ్యకి వచ్చి కూకోలేడన్నాడు. అందుకని లారీలోళ్లం కలిసి ఓ చీటీ కట్టేం. చీటీ అంటే పాట ఉంటాది కదా, అవసరం ఉన్నోడు ఎక్కువ వదులుకుని ఎత్తుకుంటాడు. ఆ మొదటి చీటీకి మేం పాట పెట్టలేదు. పూర్తి సొమ్ము బావ చేతికిచ్చేం. నెలనెలా అందరిలాగే వాయిదా కట్టుకున్నాడు. ఎవరికీ రుణపడ్డట్టు కాదు, తన చీటీ తనెత్తుకున్నట్టు.

డబ్బుకన్నా కష్టం ఇంకోటుందర్రా. మనిషి బండెక్కడం మానేసేడు. అరుగు మీద కూకుని రోడ్డు మీద హారను వినిపిస్తే లోపలికెళ్లిపోయేవోడు. అప్ప ఏడుస్తూ నాకు చెప్పింది. నేను వెళ్లి, నా బండికి రెండో డ్రైవరు కావాలి బావా, వైజాగు పోర్టుకి గోగునార లోడుంది అన్నాను. చదును రోడ్డు కాబట్టి వచ్చేడు. అలగ కొన్నాళ్లు కిందే తిప్పేను. తర్వాత కోరాపుట్టు లోడు తగిలితే ఎక్కేటప్పుడు స్టీరింగు ఇచ్చేను, దిగేటప్పుడు తీసుకున్నాను. ఆ మలుపు దగ్గర కళ్లు మూసుకునేవోడు. నేను చూడనట్టు ఉండేవోణ్ణి. ఓ రోజు సుంకి దగ్గర టీ తాగి, తనే వచ్చి డ్రైవరు సీట్లో కూకున్నాడు. ఎక్కిన గేర్లోనే దిగాలన్నది మాకు వేదం. రెండో గేరేసి, బ్రేకు మీద కాలు పెట్టీ పెట్టనట్టు, కోనవలస దాకా దించేడు. నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడితే అంతా పాడైపోయేది.

అమెరికాలో ఉన్న మా పెద్ద మనవడు సొంత విమానాలున్నోళ్ల సంగతి చెప్తుంటే ఇదే గుర్తొచ్చింది. చిన్న విమానం, రెండు మూడు సీట్లది, పాతది. ఎవరికైనా దెబ్బ తగిలితే ఇచ్చే బీమా కడతారుట, విమానానికి కట్టేది ఖరీదని కొందరు మానేస్తారుట. మన థర్డ్ పార్టీ లెక్కే. గాలివానకి అది పోతే ఇంక అంతే. మన రాజాం నుంచి ఎళ్లిన గ్రంధి మల్లికార్జునరావు గారి కంపెనీ 2008లో శంషాబాదు ఎయిర్‌పోర్టు తెరిచింది కాబట్టి విమానం మాట మనకి మరీ దూరం కాదు. మనవణ్ణి ఒకటే అడిగేను. అలగ పోగొట్టుకున్నోడిని తోటోళ్లు మళ్లీ తమ విమానంలో ఎక్కించుకుంటారా అని. ఎక్కించుకుంటార్ట తాతా, పక్క సీట్లో కూకోబెట్టి కాసేపు తోలమంటారు అన్నాడు. అదీ అలగుండాలి.

బావ మళ్లీ ఓ పాత లారీ కొన్నాడు, ఈసారి ఫుల్లు కట్టేకే తాళం తిప్పేడు. మేస్త్రీ షెడ్డు గోడ మీద సుద్దతో మా అందరి లారీ నంబర్లూ రాసి, ఎదురుగా ఇన్సూరెన్సు అయిపోయే తారీఖులు వేసింది బావే. ఎవరి తారీఖు దగ్గరపడితే ఆళ్లింటికి తనే ఎళ్లేవోడు. చేతిలో లేదంటే, ఆ నెల చీటీ నువ్వెత్తుకో, పాట మానేద్దాం అనేవోడు.