మాట రాని ఊళ్ళో ఏడాది

మొన్నామధ్య ఓ సాయంత్రం మా పక్కింటావిడ చేతిలో కాగితం పట్టుకుని వచ్చింది. మొహం చూసి ఏమైందోనని కంగారుపడ్డాను.

“ఏమక్కా, పాపను అంత దూరం పంపల్లంటావా?” అంది, కూర్చోకముందే.

వాళ్ళమ్మాయి రాజంపేట దగ్గరి నవోదయ విద్యాలయంలో ఎనిమిది పూర్తిచేసింది. తొమ్మిదో తరగతి మాత్రం హిందీ మాట్లాడే రాష్ట్రంలో ఉన్న ఇంకో నవోదయలో చదవాలట. అక్కడి పిల్లలు కొందరు ఆ ఏడాది ఇక్కడికి వస్తారట. కాగితం మీద తల్లిదండ్రుల సంతకం కావాలి.

“ఆడ తిండెట్లుంటాదో ఏమో! మాటా రాదాయె. కడుపు నొచ్చినా ఎవురితో చెప్పుకుంటాది?” అని కళ్ళొత్తుకుంది.

పంపమని చెప్పడం తేలికే. ఎదుటివాళ్ళ పిల్లయితే మరీ తేలిక. అందుకే “రేపు మాట్లాడుకుందాంలే” అని కాఫీ ఇచ్చి పంపేశాను. కాని ఆ రాత్రి, ఇలాగే మాట రాని మన ఊరికి వచ్చిపడ్డ ఒక కుర్రవాడు గుర్తొచ్చాడు. పేరు చెబితే మీరు నవ్వుతారేమో. మన బ్రౌన్ దొర!

బ్రౌన్ అనగానే మనకు నిఘంటువు, ఆ పక్కన గంభీరమైన ముసలాయన బొమ్మ గుర్తొస్తాయి. కడపకు వచ్చేనాటికి ఆయన ముసలాయన కాదు. 1798 నవంబరులో కలకత్తాలో పుట్టాడు. 1812లో తండ్రి డేవిడ్ బ్రౌన్ పోయేనాటికి సరిగ్గా పదమూడేళ్ళవాడు, మా పక్కింటి పాప ఈడు. కుటుంబం ఇంగ్లండు వెళ్ళిపోయింది. అక్కడ హెయిలీబరీ కాలేజీలో చదివి 1817లో కంపెనీ కొలువుకు మద్రాసులో ఓడ దిగాడు.

అప్పట్లో మద్రాసులో ఇలాంటి కొత్త ఉద్యోగులకోసం సెంట్ జార్జి కోట కాలేజీ ఉండేది. 1812లో పెట్టారు. దొరల పిల్లలు మన పండితుల ఎదుట కూర్చుని తెలుగో తమిళమో అప్పజెప్పి, పరీక్ష గట్టెక్కితేనే జిల్లాల్లో ఉద్యోగం. బ్రౌన్‌కు తెలుగు చెప్పినవారు వెలగపూడి కోదండరామపంతులుగారు. 1820లో పరీక్ష ప్యాసై, ఆగస్టులో కడప కలెక్టరు కింద సహాయకుడుగా వచ్చాడు. అప్పటికి ఇరవై రెండేళ్ళయినా నిండలేదు.

పరీక్ష తెలుగు వేరు, కడప తెలుగు వేరు. మనమైనా అంతే కదా? పుస్తకంలో హిందీ చదివి రైలెక్కి, స్టేషన్లో టీ అబ్బాయి అడిగిందానికి తెల్లమొహం వేసినవాళ్ళమే. కచ్చేరికి వచ్చే రైతు వ్యాకరణ సూత్రం ప్రకారం మాట్లాడడు. అదృష్టవశాత్తు అప్పటి కలెక్టరు హాన్‌బరీ జనంతో ధారాళంగా తెలుగు మాట్లాడేవాడు. మరో దొర అలా మాట్లాడుతుంటే కుర్ర దొరకు పట్టుదల కలగదూ? ఆ మరుసటి ఏడే, 1821లో, కడపలో రెండు ఉచిత పాఠశాలలు పెట్టించాడు. తను నేర్చుకుంటూనే ఊళ్ళో పిల్లలకు చదువు చెప్పించాడన్నమాట.

ఇదంతా ప్రేమేనా అంటే, కాదు. నిజం చెప్పుకోవాలి. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేశాక మొదటి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, తర్వాత గవర్నరయ్యాక కూడా, దొరలు దేశభాషలు నేర్వాలని పట్టుబట్టాడంటే అందులో శిస్తు లెక్క కూడా ఉంది. రైతు మాట తెలియకపోతే పన్నెలా వస్తుంది? అదే మన్రోకు మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి కనబడి మాట్లాడారని కర్నూలు వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇద్దరూ ఏ భాషలో మాట్లాడుకున్నారో మాత్రం కథ చెప్పేవాళ్ళెవరూ చెప్పరు! ఆ మన్రో 1827 జూలైలో ఆ జిల్లాలోనే, పత్తికొండలో, కలరాతో పోయాడు.

శిస్తుకోసం నేర్చిన భాష శిస్తు దగ్గర ఆగిపోలేదు. మచిలీపట్నంలో ఉండగా 1824లో బ్రౌన్ ఒక ఫ్రెంచి ఫాదరీ, అబే దుబాయ్, రాసిన పుస్తకంలో వేమన పేరు చూశాడు. విచిత్రం చూడండి! మన వేమనను ఆయనకు చూపించింది మన పండితులు కారు. వేమన పద్యాలు జనం నోళ్ళలో ఉన్నాయి, తాటాకుల్లో అక్కడొకటీ ఇక్కడొకటీ ఉన్నాయి. పెద్దలు మాత్రం వాటిని కవిత్వంలో లెక్కవెయ్యలేదు. దేశం కాని దేశం నుంచి వచ్చినవాడికి ఆ చిన్నచూపు లేదు. ఊరూరా ప్రతులు తెప్పించి, పోల్చి చూసి, ఇంగ్లీషు అనువాదంతో సహా 1829లో అచ్చు వేయించాడు. ఆ ఏరివేతలో నిలిచినవి 693 పద్యాలు.

ఈ పనికి గట్టి చోటు మళ్ళీ మన కడపే అయింది. 1826లో తిరిగి వచ్చి, ఎర్రముక్కపల్లెలో తోటతో సహా బంగళా కొన్నాడు. అక్కడ పండితులను కూర్చోబెట్టి సొంత జీతాలిచ్చి ప్రతులు దిద్దించాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డిగారు ఆ వ్యవహారమంతా చూసేవారు. జనం దాన్ని ‘బ్రౌన్ కాలేజీ’ అనేవారట. గుమాస్తా జీతమూ కాగితం ఖర్చూ లెక్కవేసి, ఆ ఇంట ఇల్లాలుంటే ఏమనేదోనని నాకో అనుమానం. అప్పులు కూడా చేశాడు మరి! పెళ్ళి చేసుకోలేదు గనక అడిగేవాళ్ళు లేకపోయారు.

1852లో వచ్చిన నిఘంటువు గురించి అందరికీ తెలుసు. నాకు ముచ్చటేసేది 1854లో వేసిన మిశ్రభాషా నిఘంటువు. తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకోసం విడిగా ఒక పుస్తకం! మనం రోజూ అనే ఖర్చు, జమ, ఖాళీ, రసీదు లాంటివన్నీ అటునుంచి వచ్చినవే. ఉర్దూ వీధీ తెలుగు వీధీ ఒకదాన్నొకటి ఆనుకున్న ఊళ్ళో బతికినవాడికి అలాంటి మాటలు ఇంటివో బయటివో తేల్చడం కష్టమని తెలుసు.

ఆ బంగళా కాలక్రమాన పాడుబడింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు కాళ్ళరిగేలా తిరిగి, ఆ చోటనే గ్రంథాలయం నిలబెట్టారు. 2006 నుంచి అది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రం. బ్రౌన్ కొన్న నేలకు వేమన పేరిటి విశ్వవిద్యాలయం యజమాని కావడం నాకెందుకో చాలా బాగుంటుంది.

దొర వచ్చి మన భాష నేర్చాడు సరే, మనవాళ్ళు అటువైపు వెళ్ళలేదా అంటారేమో. వెళ్ళారు, ఇల్లు కదలకుండానే కొందరు. పుట్టపర్తి నారాయణాచార్యులుగారి మాటే తీసుకోండి. పెనుగొండలో పెరిగారు. నాట్యం నేర్చారు, చిన్నప్పుడు నాటకాల్లో ఆడవేషాలూ వేశారు. అప్పుడు అక్కడున్న అధికారి భార్య పిట్ దొరసాని ఈ వైష్ణవుల అబ్బాయిని దగ్గర కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు సాహిత్యం చెప్పింది. ఎవరూ అడగలేదు, జీతమూ లేదు. ఆచారం గల ఇంటి పిల్లవాడికీ దొరసానికీ మధ్య ఆ వరండాలో జరిగిన చదువు ఏ కాలేజీ రిజిస్టరులోనూ ఎక్కి ఉండదు. పన్నెండేళ్ళ ప్రాయంలో రాసిన ‘పెనుగొండలక్ష్మి’ తర్వాత విద్వాన్ పరీక్షలో ఆయనకే పాఠ్యపుస్తకమయింది. ఆపైన పద్నాలుగు భాషలు పట్టుబడ్డాయి. విశ్వనాథవారి ‘ఏకవీర’ను మలయాళంలోకి తీసుకెళ్ళినదీ ఆయనే. అంతటాయన ప్రొద్దుటూరు, కడప బడుల్లో తెలుగు పంతులుగా పాఠాలు చెప్పారు.

ఇప్పుడు నవోదయ. 1985–86లో రెండు బడులతో మొదలైన ఈ పథకంలో ఈ ఏడాది మార్పిడి ఒక ముఖ్యమైన భాగం. తరగతిలో నూటికి ముప్ఫైమందిని అటూ ఇటూ మార్చడమని లెక్క. మనవాళ్ళు హిందీలోకి వెళతారు, వాళ్ళు వచ్చి మూడో భాషగా తెలుగు దిద్దుతారు. కర్నూలు జిల్లా బనవాసిలోనూ ఇలాంటి బడి ఉంది. పాటలు, నాటికలు, పండుగలు అన్నీ ఉంటాయి. కాని అసలు పాఠం భోజనాల గదిలోనే జరుగుతుందని నా నమ్మకం. ఉప్పు అందుకోమని అడగడం రాకపోతే ఆ పూట చప్పిడి కూడే!

మర్నాడు పక్కింటావిడకు బ్రౌన్ కథ చెప్పాను. పూర్తిగా విని, “ఆయప్ప మొగోడు కదక్కా” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అప్పుడు పిట్ దొరసాని కథ చెప్పాను. సంతకం పెట్టింది. కథవల్ల కాదనుకుంటాను, పాప మూడు రోజులు అలిగి అన్నం మానేసిందట.

పిల్ల వెళ్ళి నాలుగు నెలలయింది. నిన్న ఆవిడ మళ్ళీ వచ్చింది, చేతిలో మళ్ళీ కాగితమే.

“అక్కా, ‘మీ పాప బాగుండాదా’ అనేదానికి హిందీలో ఏమంటారు?”

ఆ ఊరి పిల్ల ఒకతె ఇక్కడ రాజంపేట బడిలో ఉందట. తిండి సరిపోవడంలేదని ఏడ్చిందని తెలిసి, ఆదివారం వెళ్ళి చూసొచ్చిందట ఈవిడ. ఇప్పుడు ఆ పిల్ల తల్లితో ఫోన్లో మాట్లాడాలి.

నేను చెప్పింది తెలుగక్షరాల్లో రాసుకుని, రెండుసార్లు పైకి చదువుకుని, “సంగటికి హిందీలో ఏమంటారక్కా?” అని అడిగింది.

నాకూ తెలియదు.