దక్కను తేళ్లు: వర్గీకరణ నుంచి వైద్యం దాకా

భూమధ్యరేఖను సమీపించే కొద్దీ జీవజాతుల సంఖ్య పెరుగుతుందన్న సాధారణ సూత్రం తేళ్ల విషయంలో పూర్తిగా వర్తించదు. ఇప్పటివరకు గుర్తించిన 2,500కు పైగా తేలు జాతుల్లో అధిక వైవిధ్యం ఎడతెగని వానలు కురిసే అడవుల్లో కాక, వాటికి అవతల ఉన్న మెట్ట, ఎడారి ప్రాంతాల్లో కనిపిస్తుంది. ఒంట్లోని తేమను నిలిపే మైనపు పొర, నెలల తరబడి ఆహారం లేకుండా బతకగల మందకొడి జీవక్రియ, పగలు రాళ్ల కింద దాగి రాత్రి వేటాడే అలవాటు వాటికి ఆ నేలల్లో కలిసివచ్చాయి. తడి అడవులూ మెట్ట నేలలూ దగ్గరదగ్గరగా ఉన్న భారత ద్వీపకల్పంలో ఈ రెంటికీ తగిన తేళ్లు వృద్ధి చెందాయి.

తెలుగు పల్లెల్లో మండ్రగబ్బ అని పిలిచే పెద్ద నల్ల తేలు స్కార్పియోనిడే కుటుంబానికి చెందినది. బలమైన డెక్కలతోనే ఎరను నలిపివేయగలదు కనుక దాని విషం మనిషికి సాధారణంగా ప్రాణాంతకం కాదు. సన్నని డెక్కలూ లావైన తోకా ఉన్న ఎర్ర తేలు, తేళ్లలో అతిపెద్ద కుటుంబమైన బ్యుథిడేలోనిది. ఎరను లొంగదీయడానికి విషంపైనే ఎక్కువగా ఆధారపడే ఈ చిన్న జీవి కొంకణ తీరం, ఉత్తర కర్ణాటక, రాయలసీమ, తమిళనాడుల్లో మరణాలకు కారణమైంది.

ఎర్ర తేలును 1798లో డెన్మార్క్ కీటక శాస్త్రవేత్త ఫాబ్రిసియస్ టామ్యులస్ అనే జాతినామంతో తొలిసారి వర్ణించాడు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం నమూనాలను పరిశీలించిన పోకాక్ 1900లో వెలువరించిన గ్రంథం భారతదేశపు తేళ్లకు దీర్ఘకాలం ప్రామాణికంగా నిలవగా, 1983లో టికాదర్, బస్తవడేలు భారత జంతు సర్వేక్షణ సంస్థ తరఫున ఆ పనిని కొత్తగా చేపట్టి గ్రంథంగా వెలువరించారు. ఎర్ర తేలు ప్రజాతి, అంటే దగ్గరి జాతులను కలిపే వర్గం, పలుమార్లు మారి 2007లో శాస్త్రవేత్త కోవార్జిక్ పరిశీలనతో హాటెంటోటాగా స్థిరపడింది. 2020లో శాస్త్రవేత్తలు ప్రెండినీ, లోరియాలు మండ్రగబ్బల పాత ప్రజాతి హెటరోమెట్రస్‌ను కూడా అనేక ప్రజాతులుగా విడదీశారు.

ఈ పేర్ల మార్పులు జరుగుతున్న కాలంలోనే కొంకణంలోని రాయగఢ్ జిల్లాలో వైద్యులు హిమ్మత్‌రావు బావస్కర్, ప్రమోదిని బావస్కర్ వేరొక కోణంలో ఈ తేలును పరిశీలించారు. ఎర్ర తేలు విషం నరాల్లోని సోడియం ద్వారాలను మూసుకోనివ్వకపోవడంతో ఎడ్రినలిన్ వంటి రసాయనాలు రక్తంలోకి వెల్లువెత్తుతాయి. చెమటలు పట్టి కాళ్లూ చేతులూ చల్లబడతాయి, రక్తపోటు విపరీతంగా పెరిగి గుండె బలహీనపడి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి రోగి మరణించవచ్చు. రక్తపోటు చికిత్సలో అప్పటికే వాడుకలో ఉన్న ప్రజోసిన్ అనే మందు రక్తనాళాలు ముడుచుకోవడాన్ని అడ్డుకుంటుందన్న తర్కంతో వారు దాన్ని ప్రయోగించి, ఫలితాలను 1986లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. అంతకుముందు తీవ్ర కేసుల్లో 30 శాతం దాకా ఉన్న మరణాలు ఒక శాతం స్థాయికి తగ్గినట్లు వారి అనుభవం చూపింది. గ్రామీణ ఆరోగ్య కేంద్రంలోనే నోటి ద్వారా ఇవ్వగల చవక మాత్ర కావడం ఆ చికిత్స వ్యాప్తికి ప్రధాన కారణమైంది. 2011లో ప్రచురించిన మరో పరీక్షలో ప్రజోసిన్‌కు తేలు విష విరుగుడు సీరం తోడైతే రోగులు మరింత త్వరగా కోలుకున్నారని తేలింది.

విరుగుడు సీరం రంగప్రవేశంతో వైద్యం మళ్లీ జీవశాస్త్రంపై ఆధారపడవలసి వచ్చింది. సీరాన్ని ఒక ప్రాంతపు తేళ్ల విషంతో తయారుచేస్తారు కాగా, తేమ గల కొంకణంలోని ఎర్ర తేలు విషానికీ పొడి దక్కను పీఠభూమిలోని అదే జాతి విషానికీ తేడా ఉన్నట్లు 2007లో వెలువడిన విశ్లేషణ చూపింది. కాబట్టి ఏ నేలలో ఏ తేలు ఉందన్న ప్రశ్న వర్గీకరణ శాస్త్రానికే పరిమితమైనది కాదు. ఒకచోట తయారైన విరుగుడు మరొకచోటి రోగికి ఎంతవరకు పనిచేస్తుందన్నది కూడా ఆ సమాధానంపైనే ఆధారపడుతుంది.