వాన ఆగిన తర్వాత

1969 అక్టోబరు 20. హైదరాబాద్ ఫతే మైదాన్‌లో ఇండియా, న్యూజిలాండ్ మూడో టెస్టు చివరి రోజు. మైదానానికి అప్పటికే లాల్ బహదూర్ స్టేడియం అని పేరు మారింది. సిరీస్ 1-1. ఇండియా గెలవాలంటే 268 కావాలి, స్కోరు 7 వికెట్లకు 76. ఇంకో మూడు వికెట్లు తీస్తే న్యూజిలాండ్‌ది సిరీస్. 1930లో టెస్టులు మొదలుపెట్టిన ఆ జట్టు అప్పటిదాకా ఏ దేశంలోనూ, ఏ దేశం మీదా ఒక్క సిరీస్ కూడా గెలవలేదు. సరిగ్గా అప్పుడు వాన పడింది.

వాన ఆగింది కూడా. ఎండ కాసింది. ఆట మాత్రం మొదలవలేదు. మైదానం ఆరబెట్టాల్సిన వాళ్లు సరిపడా లేరు, ఉన్నవాళ్లలో తొందర లేదు. న్యూజిలాండ్ కెప్టెన్ గ్రాహం డౌలింగ్ బూట్లు విప్పేసి, ఉత్తకాళ్లతో నీళ్లు తోడటానికి దిగాడు. అతని ఆటగాళ్లూ చేతులు కలిపారు. చివరికి అంపైర్లు ఇక ఆట లేదని తేల్చేశారు. మ్యాచ్ డ్రా, సిరీస్ సమం.

ఇలాంటి మ్యాచ్‌ల గురించి మనం వాడే మాట ఒకటుంది: వాన గెలిచింది. వినడానికి బాగుంటుంది, ఎవరినీ నిందించక్కర్లేదు కూడా. కానీ టెస్టు క్రికెట్ చరిత్రలో వాన పేరు మీద రాసిన ఫలితాలను కాస్త దగ్గర నుంచి చూస్తే చాలాచోట్ల వాన చేసింది సగం పనే. మిగతా సగం మనుషులు చేశారు. కొందరు వానకు ముందు, తేదీలు వేసేటప్పుడు. కొందరు వాన వెలిశాక, చేతిలో గోనెపట్టా పట్టుకునో, పట్టుకోకుండానో.

హైదరాబాద్ టెస్టునే తీసుకోండి. అక్టోబరు 15న మొదలైంది. అంటే చిత్త కార్తె. రుతుపవనాలు ఇంకా పూర్తిగా సర్దుకుని వెళ్లని రోజులు. ఏ రైతునడిగినా చెప్పేవాడు, ఆ రోజుల్లో ఆకాశాన్ని నమ్మి ఏదీ ఆరబెట్టుకోకూడదని. రెండో రోజు మొత్తం వానకే పోయింది. మర్నాడు విశ్రాంతి దినం. ఆ రోజు పిచ్ మీద గడ్డి కోయించాల్సిన అంపైర్లు ఆ సంగతి మర్చిపోయారు. మూడో రోజు పొద్దున కోద్దామంటే, నిబంధనలు ఒప్పుకోవని డౌలింగ్ అడ్డం తిరిగాడు. ఆ పచ్చిక మీద ఇండియా 89కి ఆలౌట్. అదైనా వెంకట్రాఘవన్, బేడీ చివరి వికెట్‌కి నిలబడబట్టి. అంటే ఆ మ్యాచ్‌లో ఒక మతిమరుపు న్యూజిలాండ్‌కి కలిసొచ్చింది, ఒక నత్తనడక ఇండియాకి కలిసొచ్చింది. రెండూ వాన వెలిశాక జరిగినవే. స్కోర్‌కార్డులో రెండూ కనబడవు. నా ఉద్యోగంలో రోజూ చూసే లాగ్ ఫైళ్ల లాంటిదే స్కోర్‌కార్డు కూడా: ఏం జరిగిందో రాస్తుంది, ఏం జరగనివ్వలేదో రాయదు.

దీనికి సరిగ్గా ఎదురు బొమ్మ అంతకు ఏడాది ముందే లండన్‌లో కనిపించింది. 1968 ఆగస్టు, ఓవల్, యాషెస్ ఆఖరి టెస్టు ఆఖరి రోజు. ఆస్ట్రేలియా సగం వికెట్లు పోగొట్టుకున్నాక, లంచ్‌కి కాస్త ముందు కుంభవృష్టి. మైదానం చెరువైంది. వాన తగ్గాక ప్రేక్షకులే లోపలికి దిగారు. చీపుర్లు, దుప్పట్లు, ఏది దొరికితే దానితో నీళ్లు తుడిచారు. సాయంత్రం గంటంపావు ఆటకి సమయం మిగిలింది. ఆరుతున్న పిచ్ మీద డెరెక్ అండర్‌వుడ్ చివరి వికెట్లు చకచకా తీసేశాడు. ఇంకా అయిదారు నిమిషాలుందనగా ఇంగ్లండ్ గెలిచింది, సిరీస్ సమమైంది. ఆ దృశ్యాన్ని క్రికెట్ ప్రేమకి గుర్తుగా చెప్పుకుంటారు. ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆ చీపుర్లు పట్టినవాళ్లు తమ జట్టు గెలవాలని పట్టారు. హైదరాబాద్‌లో ఆతిథ్య జట్టుకు డ్రా కావాలి, లండన్‌లో గెలుపు కావాలి. ఒకచోట నీళ్లు నిలిచాయి, ఇంకోచోట పోయాయి. మైదానం ఎవరిదో, ఆరబెట్టడంలో తొందర కూడా వాళ్లదే.

సరే, అయిదు రోజులని గిరిగీసుకోవడం వల్లే కదా ఈ తంటా, గడువే లేకపోతే? అదీ చేసి చూశారు. 1939 మార్చి 3న డర్బన్‌లో దక్షిణాఫ్రికా, ఇంగ్లండ్ ఫలితం తేలేదాకా ఆడదామని మొదలుపెట్టారు. రాత్రుళ్లు పడిన వాన పిచ్‌ని పాడుచేయకపోగా, రోలర్ నడిపిన ప్రతిసారీ దాన్ని మళ్లీ కొత్తదాన్ని చేసింది. ఇంగ్లండ్ లక్ష్యం 696. మార్చి 14కి స్కోరు 5 వికెట్లకు 654. ఇంకో 42 కొడితే చాలు. వాన వచ్చి ఆట ఆగింది. మర్నాడు ఆడొచ్చు కదా అంటే, కేప్‌టౌన్‌లో ఓడ ఎదురుచూస్తోంది. దాన్ని అందుకోవాలంటే రైలెక్కాలి. డ్రా. గడువు లేని టెస్టుకీ ఒక గడువుంది, అది ఓడల కంపెనీ టైంటేబుల్లో ఉంది.

ఇప్పుడు ఓడలు లేవు. వాటి స్థానంలో ఐపీఎల్ ఉంది, టీవీ ఒప్పందాలున్నాయి, ఒక సిరీస్ తోక మీద ఇంకో సిరీస్ తల పెట్టే క్యాలెండర్ ఉంది. మద్రాసు వాళ్లు ఒకప్పుడు టెస్టుని సంక్రాంతికి పెట్టుకునేవారు. పొంగల్ టెస్టు అని దానికి పేరే స్థిరపడింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలమని, జనవరికి ఆకాశం తేటపడుతుందని ఆ ఊరికి తెలుసు. 2004లో ఆస్ట్రేలియాతో చెన్నై టెస్టు అక్టోబరు 14న మొదలైంది. కుంబ్లే 13 వికెట్లు తీశాడు, సెహ్వాగ్ 155 కొట్టాడు. చివరి రోజుకి ఇండియా 210 చేయాలి, పది వికెట్లూ చేతిలో ఉన్నాయి. ఆ రోజు ఒక్క బంతీ పడలేదు. సిరీస్ 1-1 అయ్యే అవకాశం పోయింది. చివరికి ఆస్ట్రేలియా 2-1తో గెలిచింది. 1969-70 తర్వాత ఇక్కడ వాళ్ల మొదటి సిరీస్ విజయం అది. ఈసారి నష్టపోయింది ఆతిథ్య జట్టే. ఎవరి మీదా కుట్ర లేదు. ఊరికి తెలిసిన సంగతిని క్యాలెండర్ పట్టించుకోలేదు, అంతే.

అప్పటికీ ఇప్పటికీ మారింది లేదా అంటే, ఉంది. 2021 జూన్‌లో సౌతాంప్టన్‌లో జరిగిన ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్‌కి ఆరో రోజుని ముందే రిజర్వులో పెట్టారు. మొదటి రోజు, నాలుగో రోజు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయినా, ఆ ఆరో రోజు న్యూజిలాండ్ ఇండియాని 170కి ఆలౌట్ చేసి 8 వికెట్లతో గెలిచింది. వానకు పోయిన సమయాన్ని తిరిగివ్వొచ్చని తెలిసింది. అయితే ఆ వెసులుబాటు ఫైనల్‌కే. మామూలు టెస్టుకి ఆ ఒక్క రోజు ఇవ్వడానికి క్యాలెండర్‌లో చోటు లేదు.

2024లో ఈ కథ రెండు ముఖాలూ న్యూజిలాండ్ జట్టే రెండు నెలల్లో చూసింది. సెప్టెంబరు 9న గ్రేటర్ నోయిడాలో అఫ్ఘానిస్తాన్‌తో టెస్టు మొదలవ్వాలి. స్వదేశంలో ఆడే వీల్లేని అఫ్ఘాన్ జట్టుకి అదే సొంతగడ్డ. మొదటి రెండు రోజులూ తడి మైదానానికే పోయాయి. రెండో రోజు ఎండ కాస్తున్నా సరే. నేల ఆరడానికి ఫ్యాన్లు తెచ్చి పెట్టారు. తర్వాత మూడు రోజులు వాన. ఒక్క బంతీ పడకుండా రద్దయిన టెస్టులు మొత్తం చరిత్రలో ఎనిమిదే, అది ఎనిమిదోది. తర్వాతి నెల బెంగళూరు. మొదటి రోజు వానే. కానీ అక్కడ నేల కింద నుంచి నీళ్లు లాగేసే ఏర్పాటుంది. మర్నాడు ఆట జరిగింది. తేమ మిగిలిన పిచ్ మీద టాస్ గెలిచిన ఇండియా బ్యాటింగ్ ఎంచుకుని 46కి ఆలౌటైంది. న్యూజిలాండ్ ఆ టెస్టు, తర్వాత పుణె, ముంబయి, మూడూ గెలిచింది. ఇండియాలో వాళ్ల మొదటి సిరీస్ విజయం. హైదరాబాద్‌లో మూడు వికెట్ల దూరంలో ఆగిపోయింది, అందడానికి 55 ఏళ్లు పట్టింది.

డౌలింగ్ జట్టుకి మొదటి సిరీస్ విజయం నిజానికి నెల తిరక్కముందే, పాకిస్తాన్‌లో దక్కింది. అందుకేనేమో ఫతే మైదాన్ పెద్ద గాయంలా మిగల్లేదు. ఆ మైదానంలో మళ్లీ టెస్టు జరిగింది 1988లో. ప్రత్యర్థి మళ్లీ న్యూజిలాండే. నెల మాత్రం డిసెంబరు.