సొంత పత్రిక లేని వీరులు

మానవాతీత శక్తులున్న పలువురు వీరులను ఒకే కథలో కూర్చే జట్టు కామిక్ అమెరికాలో పుట్టింది సాహిత్య ప్రయోజనం కోసం కాదు, ప్రచారం కోసం. 1938లో సూపర్‌మ్యాన్ విజయం తరువాత అక్కడి ప్రచురణకర్తలు ఒక్కో పత్రికలో పలు బొమ్మల కథలు కలిపి అచ్చువేస్తూ ఎందరో కొత్త వీరులను ప్రవేశపెట్టారు. అయితే వారిలో ఎవరికి సొంత పత్రిక ఇస్తే చెల్లుతుందో తేల్చుకోవడానికి వారి వద్ద సాధనమేదీ లేకపోయింది. తరువాతి కాలంలో డీసీగా స్థిరపడిన నేషనల్ సంస్థ, దాని సోదర సంస్థ ఆల్ అమెరికన్ కలిసి, 1940 శీతాకాలపు తేదీతో వెలువడిన ‘ఆల్ స్టార్ కామిక్స్’ మూడో సంచికలో, తమ వేర్వేరు పత్రికల్లోని ఎనిమిదిమంది వీరులను ‘జస్టిస్ సొసైటీ ఆఫ్ అమెరికా’ పేరిట ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టాయి.

రచయిత గార్డ్‌నర్ ఫాక్స్ రాసిన ఆ సంచికను కథ అనడం కంటే కథల మూట అనడం సబబు. విందుకు చేరిన వీరులు కాశీమజిలీ కథల పద్ధతిలో ఒకరి తరువాత ఒకరు తమ సాహసాలు చెప్పుకొంటారు, ఒక్కో సాహసాన్నీ ఆ వీరుడి చిత్రకారుడే గీస్తాడు, కలిసి చేసిన పని మాత్రం ఏమీ ఉండదు. తరువాతి సంచిక నుంచి ఉమ్మడి కార్యం వచ్చినా అధ్యాయాల విభజన చాలాకాలం పోలేదు. ఈ సంఘానికి విధించిన సభ్యత్వ నియమం దాని అసలు ఉద్దేశాన్ని దాచకుండా చెబుతుంది: సొంత పత్రిక సంపాదించుకున్న వీరుడు గౌరవ సభ్యుడై పక్కకు తప్పుకోవాలి, ఆ ఖాళీలోకి ప్రచారం కావలసిన మరొకరు రావాలి. అప్పటికే సొంత పత్రికలున్న సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ మొదటినుంచీ గౌరవ సభ్యులే. 1941లో ఫ్లాష్ కూడా ఆ దారినే వెళ్లాడు. వండర్ వుమన్ విషయంలో ఈ నియమానికి వింతైన మినహాయింపు దొరికింది. పురుష వీరుల్లో చాలామందికంటే బలవంతురాలైన ఆమెను సొంత పత్రిక ఉన్నా సంఘంలో చేర్చుకున్నారు గాని, కార్యదర్శి పదవి కట్టబెట్టి, వాళ్లు పోరుకు వెళ్తే చాలాసార్లు సమావేశ మందిరంలోనే వదిలివెళ్లారు. 1951లో సూపర్‌హీరోలకు గిరాకీ తగ్గి ఆ పత్రిక కౌబాయ్ కథల పత్రికగా మారింది.

1960లో సంపాదకుడు జూలియస్ స్క్వార్ట్జ్ అదే ఊహను ‘జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా’గా తిరిగి తెచ్చినప్పుడు పాత నియమం తలకిందులైంది, బాగా అమ్ముడుపోయే వీరులూ ఇప్పుడు సభ్యులే. పత్రిక అమ్మకాలు పుంజుకున్నాయి, కథలు మాత్రం గిడసబారాయి. సూపర్‌మ్యాన్ జీవితంలో జరగవలసిన మార్పు ఏదైనా అతని సొంత పత్రికలో, దాని సంపాదకుడి అనుమతితో జరగాలి కాబట్టి, జట్టు పత్రికలో ఎవరికీ గాయం మిగలదు, ఎవరి మనసూ మారదు, మాటలు ఎవరి నోట పెట్టినా ఒక్కలాగే వినిపిస్తాయి. ఈ పత్రిక విజయం చూసి మార్వెల్ ప్రచురణకర్త మార్టిన్ గుడ్‌మన్ తమకూ ఒక జట్టు కావాలన్నాడని రచయిత స్టాన్ లీ తరువాత చెప్పుకొన్నాడు. అలా 1961లో లీ, చిత్రకారుడు జాక్ కర్బీల ‘ఫెంటాస్టిక్ ఫోర్’, 1963లో ‘అవెంజర్స్’, ‘ఎక్స్‌మెన్’ వచ్చాయి. అవెంజర్స్‌లో డీసీకి ఎదురైన చిక్కే లీకీ ఎదురైంది. 1965లో 16వ సంచికలో అతడు ఐరన్‌మ్యాన్, థోర్ వంటి పెద్దలను బయటికి పంపి, కెప్టెన్ అమెరికా పక్కన మాజీ దుష్టపాత్రలను ముగ్గురిని చేర్చాడు. జట్టు కథకు కావలసింది పేరున్న వీరులు కాదు, రచయిత చేతిలో ఉండే వీరులు అన్న సంగతి ఇక్కడ మొదటిసారి స్పష్టమైందని చెప్పవచ్చు.

ఆ సంగతికి పూర్తి నిరూపణ ‘ఎక్స్‌మెన్’ చరిత్రలో దొరుకుతుంది. పుట్టుకతోనే అసాధారణ శక్తులు వచ్చి, సమాజం భయపడి వెలివేసే ‘మ్యూటెంట్’లు ఈ పత్రిక వీరులు. ఊహ గట్టిదే అయినా అమ్మకాలు బలహీనం. 1970లో 66వ సంచికతో కొత్త కథలు ఆగిపోయి, 93వ సంచిక వరకు పాతవే మళ్లీ అచ్చయ్యాయి. 1975లో రచయిత లెన్ వీన్, చిత్రకారుడు డేవ్ కాక్రమ్ కెన్యా, జర్మనీ, రష్యా వంటి దేశాల నుంచి కొత్త సభ్యులను తెచ్చి జట్టును మళ్లీ నిలబెట్టగా, కొద్దికాలానికే రచన క్రిస్ క్లేర్‌మాంట్ చేతికి వచ్చింది. ఎవరూ పట్టించుకోని పత్రిక కావడం అతనికి వరమైంది. కొత్త సభ్యుడు థండర్‌బర్డ్ 95వ సంచికలోనే మరణించాడు. చిత్రకారుడు జాన్ బైర్న్‌తో కలిసి నడిపిన కాలంలో, తొలి జట్టు సభ్యురాలు జీన్ గ్రే తన అపారశక్తికి తానే లోబడి, కోట్లాది ప్రాణులున్న లోకాన్ని నాశనం చేసి, 1980లో 137వ సంచికలో ప్రాణత్యాగం చేసింది. రచయితలు మొదట ఆమె శక్తులు పోవడంతో కథ ముగించాలనుకున్నా, అంతటి హననానికి ఆ శిక్ష చాలదని ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ పట్టుబట్టాడు. ఆ ముగింపు బలం కొంత అతనికీ చెందుతుంది. కొత్త సభ్యుల్లో ఒకరైన స్టార్మ్ పాత్ర మరింత గట్టి ఉదాహరణ. ఆమె 1980లో జట్టు నాయకురాలైంది, 1984లో శక్తులు పోగొట్టుకుంది, ఆ తరువాత ఏ శక్తీ లేకుండానే తొలి జట్టు సభ్యుడు సైక్లాప్స్‌ను ఓడించి నాయకత్వం నిలుపుకొంది. సమావేశ మందిరంలో కూర్చున్న కార్యదర్శికీ ఈమెకూ మధ్య దూరం నాలుగు దశాబ్దాలు.

లోపాలూ తక్కువేమీ కాదు. మార్వెల్ పద్ధతిలో రచయిత కథాసారం ఇస్తే చిత్రకారుడు పుటలు గీస్తాడు, మాటలు ఆ తరువాత చేరతాయి. ఈ వెసులుబాటుతో క్లేర్‌మాంట్ బొమ్మలో కనిపిస్తున్నదాన్నే వ్యాఖ్యానపు పెట్టెల్లో మళ్లీ చెప్పేవాడు. కొత్త పాఠకుల కోసం ప్రతి వీరుడూ పోరాటం మధ్యలో తన శక్తిని వివరించుకోవడం వరుసగా చదివేవారికి విసుగు. కథాసూత్రాలు కొన్ని ఏళ్ల తరబడి తెగిపోయి వేలాడేవి.

అంతకంటే పెద్ద దెబ్బ విజయం రూపంలో వచ్చింది. 1986లో తొలి జట్టులోని అయిదుగురితో ‘ఎక్స్‌ఫ్యాక్టర్’ అనే కొత్త పత్రిక నడపాలని సంస్థ నిర్ణయించడంతో జీన్ గ్రేను బ్రతికించారు. చనిపోయింది ఆమె కాదు, ఆమె రూపం ధరించిన విశ్వశక్తి అని సర్దిచెప్పి 1980 నాటి విషాదాన్ని తేలిక చేశారు. సైక్లాప్స్ భార్యాబిడ్డలను వదిలి ఆ జట్టులో చేరవలసి వచ్చింది. ఆ పాత్రకు అంటిన మచ్చను తరువాతి రచయితలెవరూ పూర్తిగా చెరపలేకపోయారు. 1988లో జట్టు సభ్యుడు వుల్వరిన్‌కు సొంత మాసపత్రిక వచ్చింది, దానితో అతనికి మరణభయం పోయింది. ఒకే కథను నాలుగైదు పత్రికల్లో పంచి అన్నీ కొనిపించే ఉమ్మడి కథనాలు ఏటేటా పెరిగాయి.

1991లో జిమ్ లీ బొమ్మలతో వచ్చిన కొత్త ‘ఎక్స్‌మెన్’ మొదటి సంచిక అయిదు ముఖచిత్రాలతో ఎనభై లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. వాటిలో చాలా భాగం చదవడానికి కాక, రేపు ధర పెరుగుతుందన్న ఆశతో దాచుకోవడానికి కొన్నవే. కథాగమనంపై సంపాదకవర్గంతో విభేదించిన క్లేర్‌మాంట్ మూడో సంచికతో తన పదహారేళ్ల రచనను ముగించి తప్పుకొన్నాడు. మరుసటి ఏడాది జిమ్ లీ కూడా మార్వెల్‌ను వదిలి, పాత్రలపై హక్కు సృష్టికర్తలకే ఉండే ఇమేజ్ కామిక్స్ స్థాపకుల్లో ఒకడయ్యాడు. అక్కడ అతడు మొదట తెచ్చిన ‘వైల్డ్‌క్యాట్స్’ కూడా, అంతకుముందు ఎక్కడా కనిపించని వీరుల జట్టు పత్రికే.